గడప దాటని పేరు

మూడో రోజు కూడా మిసెస్ ట్యాగర్ట్ మనవరాలితో మాట్లాడలేదు.

అలాగని ఆవిడ మౌనవ్రతం పట్టిందేమీ లేదు. కూతురు ఓలెటాతో మాట్లాడుతోంది. జబ్బుగా ఉందని తెలిసి పలకరించడానికి వచ్చిన పక్కింటి లేస్‌వెల్ గారితో మాట్లాడింది. దారం తెగినప్పుడు కుట్టుమిషనుతో కూడా రెండు ముక్కలు మాట్లాడింది. వెర్లీన్ ఒక్కతే ఆ ఇంట్లో లేనట్టు లెక్క.

వెర్లీన్ మొక్కజొన్న జావ పల్చగా కాచి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఓలెటా, ఎవరో ఇక్కడ జావ పెట్టి వెళ్లినట్టున్నారు" అంది ముసలావిడ.

"ఎవరో ఏంటమ్మా? నీ మనవరాలు ఎదురుగా నిలబడి ఉంటే!"

"అలాగా? నా కళ్లు కూడా ఆనడం లేదు కాబోలు. డాక్టరుకి చెప్పాలి."

అరవై ఎనిమిదేళ్ల మనిషి. కుడి పక్కటెముకల కింద ఎడం చెయ్యి అదిమిపెట్టుకుని, కుడి చేత్తో చర్చి ఆడవాళ్ల తెల్ల గౌనుకి అంచు కుడుతోంది. పిత్తాశయంలో రాళ్లు. పోటు వచ్చినప్పుడు సూది ఆగుతుంది, ముఖం పాలిపోతుంది, పోటు తగ్గగానే సూది మళ్లీ కదులుతుంది. మూలగడం ఆవిడ ఇంటా వంటా లేదు.

సోమవారం జరిగింది ఇదీ. జిల్లా ఆస్పత్రిలో నల్లవాళ్ల వార్డులో చేర్చిన పూటే, ఆవిడ అసలు పేరు అక్కడివాళ్ల నోట్లో పడింది. వెర్లీన్ ఈడు తెల్ల నర్సు ఒకతె గుమ్మంలో నిలబడి ఆ పేరు పెట్టి పిలిచింది. తరవాత పళ్లాలు పంచే ఆవిడ పిలిచింది. సాయంత్రానికి నేల తుడిచేవాడు కూడా పిలిచాడు, "ఏమే" అని ముందు ఒక మాట చేర్చి. మిసెస్ ట్యాగర్ట్ తలగడ కింద నుంచి టోపీ తీసి పెట్టుకుంది. రెండు చేతులకీ తొడుగులు వేసుకుంది. మనవాళ్లు వాడాల్సిన పక్కగుమ్మం వైపు చూడనైనా చూడకుండా ముందుగుమ్మంలోంచి నడిచి ఇంటికొచ్చేసింది.

ఆ పేరేమిటో నేను ఇక్కడ రాయను. మా వీధిలో అరవై గడపలున్నాయి, ఒక్కరికీ తెలియని పేరు అది. నా చేతుల మీదుగా ఊరెక్కడం నాకిష్టం లేదు.

మా పెద్దవాళ్లలో ఈ అలవాటు చాలామందికి ఉంది. తెల్లవాళ్లు మన ఆడవాళ్ల పేరు ముందు 'మిసెస్' అని చచ్చినా అనరు. తల ముగ్గుబుట్టయిన మనిషిని కూడా పాలేరు పిల్లను పిలిచినట్టు పిలుస్తారు. అసలు పేరు తెలిస్తేనే కదా పెట్టి పిలిచేది! అందుకని దాన్ని ఇంట్లో బైబిలు మొదటి పేజీలో రాసి, బైబిలు పెట్టెలో పెట్టి, గడప దాటితే పొడి అక్షరాలతో బతకడం. ఆవిడ గుమ్మం మీది పలక కూడా అంతే: "ఇ. వి. ట్యాగర్ట్, ఆడవారి దుస్తులు."

ఊళ్లో తెల్లవాళ్ల పెళ్లిగౌన్లు సగం ఆవిడ చేత్తో కుట్టినవే. కొలతలిస్తూ ఏ పెళ్లికూతురో, "ఇ అంటే ఏంటి?" అని అడుగుతుంది. అడగబోతోందని ఆవిడకి ముందే తెలిసిపోతుంది. చటుక్కున నాలుగు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుంటుంది. నోటినిండా సూదులున్న మనిషి ఏం చెబుతుంది? ముప్పై ఎనిమిదేళ్లు అలా నెట్టుకొచ్చింది. ఒకసారి ఒక తెల్ల కుర్రాడు "ఏం అత్తా" అని పిలిస్తే సూదులు తీసి మరీ జవాబిచ్చింది. "మీ నాన్నకి నేను తోబుట్టువునని మా అమ్మ నాకెప్పుడూ చెప్పలేదే బాబూ!"

అలాంటి పేరుని వెర్లీన్ ఆస్పత్రి కాగితం మీద రాసిచ్చింది. పొడి అక్షరాలు ఒప్పుకోలేదని, గుమాస్తా బలవంతం చేసిందని ఇంట్లో చెప్పింది.

ఆ బుధవారం మధ్యాహ్నం డాక్టర్ పెటిఫోర్డ్ వచ్చాడు. మన డాక్టరే. చేతికి గొప్ప పేరున్నవాడు, కానీ ఆ ఆస్పత్రిలో కత్తి పట్టనివ్వరు.

"నేనా గుమ్మంలో అడుగుపెట్టాలంటే రోగిగా పెట్టాలి" అని తనే నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు. పొట్ట నొక్కి చూశాడు, జ్వరం చూశాడు.

"మిసెస్ ట్యాగర్ట్, మనవాళ్లకి ఆపరేషన్లు చేసేది గురువారం ఒక్కరోజే. రేపు మీ పేరు పట్టీలో మొదట ఉంది. ఇది తప్పిందంటే మళ్లీ వచ్చే గురువారమే."

"వచ్చే గురువారం వస్తుందిగా."

"వస్తుంది. మీరుంటారని నేను చెప్పలేను. లోపల చీము పడుతోంది. అది పగిలితే ఇక నా చేతుల్లో ఏమీ లేదు."

పొయ్యి మీద లేస్‌వెల్ గారు తెచ్చిన ఆకుకూర గిన్నె ఉంది, పంది కొవ్వు దండిగా వేసి వండింది. రోగికి విషంతో సమానమని ఆవిడతో చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

"వాళ్లు నన్ను మిసెస్ ట్యాగర్ట్ అని పిలుస్తారా, డాక్టరు గారూ?"

"పిలవరు" అన్నాడు డాక్టరు. "మీకు అబద్ధం చెప్పి లాభం లేదు."

ఆయన వెళ్లాక ఓలెటా అగ్గి మీద గుగ్గిలమైంది. బడి వంటశాలలో మూడొందల మందికి వండి వచ్చిన మనిషి, అలసట అంతా గొంతులోకి వచ్చింది.

"ఒక్క మాట కోసం చస్తావా అమ్మా? ఒక్క మాట! ఏమైనా అననీ వాళ్లని. కళ్లు మూసుకో. కడుపు కోయించుకో. ఇంటికి రా. పేరుకి ప్రాణం లేదు, నీకుంది."

"ప్రాణం కుక్కకీ ఉంటుంది. కుక్కని పేరు పెట్టి పిలిస్తే తోకూపుకుంటూ వస్తుంది."

"అయితే నేను తోకూపుతున్నానా? వంటశాలలో రోజూ నన్ను ఓలెటా అనే పిలుస్తారు. నీకు మందులు కొనేది ఆ పిలుపుకి పలికిన జీతంతోనే!"

ముసలావిడ సూది ఆపింది. కూతురి వైపు తిరిగింది.

"నిన్నననలేదు తల్లీ" అంది నెమ్మదిగా. "నీ మొగుడు పోయాక ఈ ఇంటిని నువ్వు మోశావు. నీకు పలకక తప్పలేదు. నాకు తప్పించుకునే వీలు దొరికింది, తప్పించుకున్నాను. ఆ వీలు కాస్తా ఎవరో పట్టుకెళ్లి ఆస్పత్రిలో ఇచ్చేశారు."

ఎవరో. ఆ మాటకి గుమ్మం పక్కన నిలబడ్డ వెర్లీన్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడు రోజులుగా గుండెలో ఇరుక్కున్నది ఇక అక్కడ ఆగేలా లేదు.

"అమ్మమ్మా, నన్నెవరూ బలవంతం చెయ్యలేదు."

ఓలెటా తిరిగి చూసింది. ముసలావిడ చూడలేదు.

"నేను చెప్పింది అబద్ధం. ఇ. వి. అనే రాశాను. ఆ గుమాస్తా తీసుకుంది కూడా, ముద్ర వేసింది. వేశాక, 'ఎంత చక్కటి చేతిరాత నీది! ఎక్కడ చదివావు?' అంది. అట్లాంటా కాలేజీలో అని చెప్పాను. నవ్వింది. 'ఇ అంటే ఏంటమ్మా? వి అంటే?' అని అడిగింది."

"చెప్పేశావా?" అంది ఓలెటా.

"చెప్పేశాను. తెల్లావిడ మెచ్చుకుందని ఒళ్లు పొంగిపోయింది నాకు. ఇంకాసేపు అలా నవ్వుతూ ఉంటే బాగుండుననిపించింది. ఆవిడే ఖాళీలో రాసుకుంది, నేను అక్షరాలు చెప్పాను." తల్లి వైపు తిరిగింది. "నా క్లాసులో కూడా అంతే అమ్మా. నలభై ఒక్కమంది పిల్లలు లేచి నిలబడి గుడ్ మార్నింగ్ మిస్ బ్రాడ్‌నాక్స్ అంటారు. తెల్ల ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చి, 'వెర్లీన్, పిల్లలెలా చదువుతున్నారు?' అంటాడు. బాగా చదువుతున్నారండీ అని నవ్వుతూ చెబుతాను. పిల్లలంతా తలలు దించుకుంటారు. వాళ్లెందుకు దించుకుంటున్నారో మొన్నటిదాకా నాకు తెలియలేదు."

మిసెస్ ట్యాగర్ట్ నోట్లో రెండు గుండుసూదులున్నాయి. ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకి గుచ్చింది.

"ఓలెటా, మీ అమ్మమ్మ సంగతి నీకెప్పుడైనా చెప్పానా?"

"నూరుసార్లు చెప్పావు."

"అయితే నూటొకటోసారి విను." మాట కూతురితోనే, గొంతు మాత్రం గుమ్మం దాకా వినపడేలా పెంచింది. "మా అమ్మ పదేళ్లదిగా ఉన్నప్పుడు బానిసతనం పోయింది. అప్పటిదాకా దొరసాని పెట్టిన పేరు డాల్. అంటే బొమ్మ. స్వేచ్ఛ వచ్చాక తనే ఒక పేరు పెట్టుకుంది, కానీ ఎవరు పిలిచారు? ఒక ఇంటివాళ్ల బట్టలు ముప్పై ఒక్క ఏళ్లు ఉతికింది. చచ్చిపోయిన రోజు ఆ ఇంటావిడ పూలచక్రం తెచ్చింది, మంచిదే. మా గుమ్మంలో నిలబడి నన్నడిగింది, 'దీని మీద ఏం రాయించాలి? డాల్ ఇంటిపేరేంటి?' అని. ముప్పై ఒక్క ఏళ్లు వాళ్ల లోపలి బట్టల మీది మరకలతో సహా మా అమ్మకి తెలుసు. మా అమ్మ ఇంటిపేరు వాళ్లకి తెలియదు."

"నువ్వేం చెప్పావు?" నూటొకటోసారి కూడా ఓలెటా అడగకుండా ఉండలేకపోయింది.

"ఏమీ రాయించకండి, పూలు చాలన్నాను. నేను పుట్టినప్పుడే మా అమ్మ నాకొక పేరు పెట్టి, 'ఇది నీ సొత్తు, ఎవరికీ ఇవ్వకు, నిన్ను ప్రేమించినవాడికి మాత్రం ఇయ్యి' అంది. మీ నాన్నకిచ్చాను. ఆయన పోయాక ఆ పేరుతో నన్ను పిలిచినవాళ్లు లేరు. పన్నెండేళ్ల తరవాత మళ్లీ విన్నది సోమవారమే. చివరికి నేల తుడిచేవాడి నోట కూడా."

ఓలెటా నడుముకి కట్టుకున్న వంటగుడ్డతో ముఖం తుడుచుకుంది. వెర్లీన్ తుడుచుకోలేదు, కారనిచ్చింది.

"రేపు వెళ్తున్నాను" అంది మిసెస్ ట్యాగర్ట్ హఠాత్తుగా. "చావాలని నాకేం సరదా లేదు. ఈ గౌన్లు ఇంకా పూర్తి చెయ్యాలి. వెళ్లి అక్కడ మనవాళ్ల బల్ల మీద కూర్చుంటాను. పిలవాల్సినట్టు పిలిస్తే లేస్తాను."

"పిలవకపోతే?"

"కూర్చునే ఉంటాను. మిషను ముందు నలభై ఏళ్లు కూర్చున్నదాన్ని, కూర్చోవడం నాకు బాగా వచ్చు."

వెర్లీన్‌తో మాత్రం ఆ రాత్రి కూడా ఒక్క మాట లేదు. అయితే జావ గిన్నె ఖాళీ అయింది.

తెల్లవారి ఎనిమిదింటికి డాక్టర్ పెటిఫోర్డ్ తన కారులో దింపాడు. తాను కారులోనే ఉండిపోయాడు. ఇంటి దగ్గర బయల్దేరేముందు, పనికి వెళ్లక తప్పని ఓలెటా, తల్లి చేతితొడుగు బొత్తాం పెట్టి, ఇంకేం చెప్పాలో తోచక, "జ్వరం ఎక్కువగా ఉంది" అంది కూతురితో.

మనవాళ్ల బల్ల పక్కగుమ్మం లోపల, బాయిలరు గది పక్కన ఉంది. ఆ గురువారం ఆవిడతో కలిపి ముగ్గురు. లెమ్యూల్ హార్‌గ్రోవ్ అని రంపపుమిల్లు పనివాడు, అరవై దాటినవాడు, వరిబీజం నొప్పితో మూడు వారాలుగా వంగి నడుస్తున్నాడు. ఫ్లోసీ మేబెరీ అని మెడ మీద కాయ ఉన్న ఆవిడ. వాళ్లిద్దరూ మిసెస్ ట్యాగర్ట్‌ని చూసి లేచి నిలబడ్డారు. లెమ్యూల్‌కి లేవడం ఎంత కష్టమో ముఖంలో తెలిసింది, అయినా లేచాడు.

"కూర్చోండి మిస్టర్ హార్‌గ్రోవ్, మీ ఒంట్లో బాగాలేదు."

"మీ ఒంట్లో మాత్రం ఏం బాగుందండీ మిసెస్ ట్యాగర్ట్? మా ఆవిడని సాగనంపినప్పుడు వేసిన గౌను మీరు కుట్టిందే. అంత అందంగా బతికుండగా ఎప్పుడూ లేదు పాపం."

ఆవిడ టోపీ సర్దుకుని గోడకి ఆనకుండా నిటారుగా కూర్చుంది. పక్కన వెర్లీన్.

తొమ్మిదింటికి గుమాస్తా వచ్చింది, సోమవారం నవ్విన ఆవిడే. పట్టీ చూసి మొదటి పేరు పిలిచింది. పొడి పేరు, ముందూ వెనకా ఏమీ లేకుండా.

బల్ల మీద ఎవరూ కదలలేదు.

మళ్లీ పిలిచింది. మిసెస్ ట్యాగర్ట్ పెదాలు బిగించి ఎదురుగోడ వైపు చూస్తోంది, నోట్లో సూదులున్నట్టే.

"వెర్లీన్, ఈవిడ మీ అమ్మమ్మ కాదూ? చెవుడా?"

ఆ గొంతులో ఇంకా తీపి ఉంది. వెర్లీన్‌కి పెదాలు వాటంతట అవే నవ్వబోయాయి. ఆపుకుంది. జవాబు చెప్పలేదు.

గుమాస్తా ముఖం మారింది. "రాకపోతే పోనీ. వంతు పోయింది, మళ్లీ వచ్చే వారమే." పట్టీ మీద గీత పెట్టబోతూ రెండో పేరు పిలిచింది. "లెమ్యూల్!"

లెమ్యూల్ హార్‌గ్రోవ్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నాకంటే ముందు మిసెస్ ట్యాగర్ట్ గారున్నారండీ."

"ఏమన్నావు?"

"వరస తప్పడం మా అలవాటు కాదండీ. ఆవిడ తరవాతే నేను."

మూడు వారాలుగా ఆ గురువారం కోసమే కాచుకున్న మనిషి. వెర్లీన్ ఆయన వైపు చూసింది. ఆయన తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు, మెడ మీద నరం కొట్టుకుంటోంది.

"ఫ్లోసీ!"

"నేను మిస్టర్ హార్‌గ్రోవ్ గారి తరవాతండీ" అంది ఫ్లోసీ మేబెరీ.

పట్టీలో ఇంక పేర్లు లేవు. గుమాస్తా విసురుగా లోపలికి వెళ్లింది.

అప్పుడు వెర్లీన్ అమ్మమ్మ వైపు చూసి గతుక్కుమంది. టోపీ అంచు కింద నుంచి చెమట ధారగా దిగుతోంది. పెదాలు తెల్లబడ్డాయి. తొడుగు వేసిన చెయ్యి పక్కటెముకల కింద పిడికిలి బిగించి ఉంది. అడగడానికి భయపడుతూనే, "అమ్మమ్మా, పోటా?" అంది. ఆవిడ ఊపిరి చిన్నచిన్నగా తెగి వస్తోంది.

ఒక్క మాట. "ఇదిగో, ఈవిడేనండీ" అని తాను ఒక్క మాటంటే చాలు. చక్రాల మంచం గుమ్మంలో సిద్ధంగా ఉంది. అమ్మమ్మ బతుకుతుంది. బతికి, ఇంకెప్పటికీ తనతో మాట్లాడకపోవచ్చు. మాట్లాడకపోయినా ఫరవాలేదు, బతికుంటే చాలు అనిపించింది వెర్లీన్‌కి ఆ క్షణాన.

తలుపు తెరుచుకుంది. సర్జనే వచ్చాడు, చేతులు మోచేతుల దాకా కడుక్కుని. గుమాస్తా దగ్గర్నుంచి కాగితం లాక్కున్నాడు.

"ఎవరిది ఈ గొడవ? నాకింకా రెండు గంటలే ఉన్నాయి." కాగితం చూసి ఆ పేరు చదివాడు. మొదటిది, రెండోది, ఇంటిపేరుతో సహా, గోడలకి కొట్టుకునేంత బిగ్గరగా.

మిసెస్ ట్యాగర్ట్ కళ్లు మూసుకుంది.

వెర్లీన్ లేచి నిలబడింది. ఫ్లోసీ "అయ్యో తల్లీ" అంది గొంతులోనే. లెమ్యూల్ తల దించుకున్నాడు. గుమాస్తా ముఖంలో మళ్లీ ఆ పాత నవ్వు వచ్చింది.

"ఆ పేరు మీకిచ్చింది నేనేనండీ" అంది వెర్లీన్. "ఇవ్వడానికి అది నాది కాదు. వెనక్కి తీసుకోవడానికొచ్చాను."

"ఏంటీ?"

"ఆ కాగితం ఇవ్వండి. వేరే కాగితం రాసిస్తాను. మిసెస్ ఇ. వి. ట్యాగర్ట్ అని."

"ఎవరీ పిల్ల?"

"వెర్లీనండీ, డాక్టర్" అంది గుమాస్తా. "ఆవిడ మనవరాలు. మొన్నటిదాకా మంచిదే."

"వెర్లీన్, వెళ్లి కూర్చో."

ఆ గొంతు వెర్లీన్‌కి కొత్త కాదు. కొట్లో, బస్సులో, బడిలో, ఇరవై మూడేళ్లుగా ఆ గొంతు కూర్చోమంటే కూర్చుంది, లేవమంటే లేచింది. మోకాళ్లకి అలవాటైపోయింది, ఇప్పుడు కూడా వంగబోయాయి. ఆమె వాటిని వంగనివ్వలేదు. కాగితం కోసం చెయ్యి చాచింది. చాచే ఉంచింది.

సర్జన్ కాగితం ఇవ్వలేదు. వెనక్కీ తీసుకోలేదు. గోడగడియారం వైపు, ఖాళీ మంచం వైపు, బల్ల మీద కదలని ముగ్గురి వైపు చూశాడు.

"మిస్ బ్రాడ్‌నాక్స్."

పిలుపు వెనక నుంచి వచ్చింది. మూడు రోజులుగా ఆ గొంతు కోసమే వెర్లీన్ ఎదురుచూసింది, కానీ ఆ పేరుతో వస్తుందని కలలో కూడా అనుకోలేదు. ఉయ్యాలలో పడుకోబెట్టిన నాటి నుంచీ "పిల్లా" అని తప్ప పిలవని మనిషి, ఇద్దరు తెల్లవాళ్ల ఎదుట, వాళ్లకి అందని పిలుపుతో తనను పిలిచింది.

"ఆ కాగితం చేతిలో పడేదాకా కూర్చోకండి, మిస్ బ్రాడ్‌నాక్స్."

ఆ వెంటనే వెర్లీన్ వెనక ఏదో నేల మీద పడింది. అమ్మమ్మ చేతిసంచీ కాబోలు. గుండుసూదుల డబ్బీ మూత ఊడి సూదులు గచ్చు మీద చెల్లాచెదురుగా దొర్లిన చప్పుడైంది. "పట్టుకోండి, మిసెస్ ట్యాగర్ట్ ఒరిగిపోతున్నారు!" అని ఫ్లోసీ మేబెరీ కేక వేసింది.

వెర్లీన్ వెనక్కి తిరగలేదు. చాచిన చెయ్యి దించలేదు.